ఆటల పీరియడు ఎవరిది?

పిల్లలూ, మీ తరగతి గోడ మీద టైంటేబిలు అతికించి ఉంటుంది కదా, ఒకసారి దాని దగ్గరకు వెళ్ళి చూడండి. వారంలో ఎక్కడో ఒకచోట, సాధారణంగా సాయంత్రం చివరి పీరియడు గడిలో, "ఆటలు" అనో "పి.ఇ.టి." అనో వ్రాసి ఉంటుంది. ఇప్పుడు నిజం చెప్పండి. కిందటి వారం ఆ పీరియడులో మీరేం చేశారు?

కొందరు కబడ్డీ ఆడామంటారు. వాళ్ళను లెక్కపెట్టండి. తరగతిలో నలభై మంది ఉంటే పన్నెండో పద్నాలుగో తేలతారు. మిగిలినవాళ్ళు వేపచెట్టు కింద కూర్చుని చూశామంటారు. ఆడపిల్లల్ని అడిగితే "నోట్సు పూర్తి చేసుకున్నాం సార్" అంటారు. పదో తరగతి వాళ్ళయితే అసలు ఆ పీరియడు ఒకటుందన్న సంగతే మరిచిపోయి ఉంటారు. ఎందుకంటే ఆ సమయానికి లెక్కల సారో సైన్సు సారో చాక్‌పీసు పట్టుకుని వచ్చి ఉంటారు.

ఆ సైన్సు సారును నేనే. ఇరవై ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక బడిలో, సంక్రాంతి సెలవులు అయిపోయేసరికి సిలబసు ఇంకా కొండంత మిగిలి ఉండేది. డ్రిల్లు సారు దగ్గరకు వెళ్ళి "ఇవాళ మీ పీరియడు నేను తీసుకుంటాను" అనేవాణ్ణి. ఆయన "తీసుకోండి సార్, పిల్లలకు పరీక్షలున్నాయి కదా" అనేవాడు. ఒకసారి కూడా కాదనలేదు. కాదనే ధైర్యం ఆయనకు లేకుండా చేసింది మేమేనని అప్పుడు నాకు తోచలేదు.

అలా తీసుకున్న ఒక పీరియడులో గుండె, రక్తప్రసరణ పాఠం చెబుతున్నాను. బోర్డు మీద నాలుగు గదుల గుండె బొమ్మ గీసి, "రోజూ వ్యాయామం చేస్తే గుండె కండరం బలపడుతుంది, వ్రాసుకోండి" అన్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, మరి మా వ్యాయామం పీరియడే మీరు తీసుకున్నారు కదా?" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వి, కూర్చోమన్నాను. కాని ఆ ప్రశ్నకు ఇంతవరకు నా దగ్గర సరైన జవాబు లేదు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. దీనికి గడియారం తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. తరువాత ఎడమచేతి మణికట్టు దగ్గర, బొటనవేలి మొదలుకు సూటిగా, కుడిచేతి రెండు వేళ్ళు మెత్తగా ఆనించండి. నాడి తగులుతుంది. బొటనవేలితో చూడవద్దు, దానిలోనే ఒక నాడి కొట్టుకుంటూ ఉంటుంది గనుక లెక్క తప్పుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో వ్రాసుకోండి. ఇప్పుడు బడి మెట్టు ఒకటి చూసుకుని మూడు నిమిషాలు ఎక్కుతూ దిగుతూ ఉండండి. ఆపిన వెంటనే 15 సెకన్ల పాటు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. మళ్ళీ ఒక నిమిషం తరువాత, రెండు నిమిషాల తరువాత, మూడు నిమిషాల తరువాత అలాగే చూడండి. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలపండి.

మీ స్నేహితుల గీతలతో పోల్చి చూస్తే వింతగా ఉంటుంది. కూర్చున్నప్పుడు అందరి నాడీ ఇంచుమించు ఒకే రకంగా కనిపించవచ్చు. తేడా తెలిసేది మెట్టు దిగిన తరువాతనే. కొందరి నాడి గబగబా మామూలు స్థితికి దిగివస్తుంది. కొందరిది మూడు నిమిషాలయినా ఇంకా పైనే ఉంటుంది. ఈ తేడా ఆధారంగానే అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు అలసట ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు ఒక పరీక్షను తయారుచేసి 1943లో ప్రకటించారు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. 20 అంగుళాల ఎత్తున్న బల్లమీదికి నిమిషానికి 30 సార్లు చొప్పున ఐదు నిమిషాలు ఎక్కి దిగాలి. తరువాత కూర్చుని నాడి చూసుకోవాలి. అది యువకుల కోసం పెట్టిన కొలత కనుక మీరు ఆ ఎత్తు, ఆ వేగం ప్రయత్నించకండి. సూత్రం మాత్రం మీ బడి మెట్టుకూ అదే.

ఎందుకు అలా జరుగుతుంది? పెద్దవాళ్ళ గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని తోస్తుంది. నిమిషానికి 70 దెబ్బలంటే దాదాపు 5 లీటర్లు. గట్టిగా పరుగెత్తేటప్పుడు కాలి కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి కనుక అదే గుండె నిమిషానికి 20 లీటర్ల దాకా పంపగలదు. మన ఇళ్ళలో నీళ్ళు మోసే పెద్ద బిందెను తలచుకోండి, అది నిండేటంత రక్తం ఒక్క నిమిషంలో! రోజూ శ్రమించే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. అందువల్ల అదే పనిని తక్కువ దెబ్బలతో చేస్తుంది. కండరాల్లో సన్నని రక్తకేశనాళికలు కొత్తగా పుడతాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. ఇదంతా జరగడానికి కొన్ని వారాలు చాలు. మానేస్తే పోవడానికీ కొన్ని వారాలే చాలు. పాఠం లాగా ఒకసారి నేర్చుకుని దాచుకునేది కాదిది.

ఎముకల సంగతి మాత్రం వేరు. దాన్ని కొంతవరకు దాచుకోవచ్చు. మన ఎముకల్లో చేరే ఖనిజంలో చాలా భాగం పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు వచ్చేసరికే చేరిపోతుంది. ముఖ్యంగా మీ ఈడులో, హఠాత్తుగా ఎత్తు పెరిగే ఆ రెండు మూడేళ్ళలో, అది వేగంగా జరుగుతుంది. ఎముక మీద బరువు పడితే, కుదుపు పడితే, అక్కడ అది మందంగా తయారవుతుంది. చిన్నప్పటి నుంచి టెన్నిసు ఆడేవాళ్ళ రెండు చేతులనూ ఎక్స్‌రే తీసి చూస్తే బ్యాటు పట్టే చేతి ఎముక రెండవదానికన్నా లావుగా కనిపిస్తుంది. తిండి ఒకటే, శరీరం ఒకటే, తేడా అంతా పనిలోనే. తొక్కుడుబిళ్ళ, తాడాట, చిర్రగోనె ఆడి గెంతిన పిల్లలు తమకు తెలియకుండానే ముసలితనానికి డబ్బు దాచుకుంటున్నారన్నమాట.

"సార్, మా నాయన ఒప్పుకోడు, మార్కులు తగ్గుతాయంటాడు" అని మీరు అనబోతున్నారని నాకు తెలుసు. ఇది న్యాయమైన భయమే. దానికి జవాబు ఉపన్యాసం కాదు, ప్రయోగం. కెనడా దేశంలో క్విబెక్ రాష్ట్రంలోని ట్రోయిస్ రివియేర్ పట్టణంలో 1970 నుంచి కొన్నేళ్ళపాటు ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక పాఠశాలల్లోని ఐదువందల పైచిలుకు పిల్లలను తీసుకుని, కొన్ని తరగతులకు రోజూ ఒక గంట వ్యాయామం పెట్టారు. ఆ గంట ఎక్కడనుంచి వచ్చింది? పాఠాల సమయంలోంచే కోశారు. చదువుకు దాదాపు ఏడోవంతు సమయం తగ్గిపోయింది. మార్కులు తగ్గలేదు సరికదా, మొదటి ఏడాది తరువాత ఆ పిల్లలు మిగతావారికంటే కాస్త ముందున్నారు. దీన్నిబట్టి ఆటలాడితే మార్కులు పెరుగుతాయని నేను మీ నాన్నగారికి పూచీ పడను. సైన్సు సారు అలా పూచీలు పడకూడదు. కాని ఆటల పీరియడును మింగేస్తే మార్కులు పెరుగుతాయన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. నేను తీసుకున్న ఆ పీరియడుల వల్ల నా తరగతి ఫలితాలు ఏమైనా మారాయా అంటే, నాకయితే కనిపించలేదు.

కళ్ళ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడు పెట్టారు. మూడేళ్ళ తరువాత చూస్తే ఆ బడుల్లో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి వచ్చింది. మామూలు బడుల్లో నూటికి 39 మంది దాటింది. ఈ ఫలితాలు 2015లో ప్రచురించారు. ఆరుబయటి వెలుతురుకు కంటి ఎదుగుదలతో సంబంధం ఉందన్నమాట. ఆ పిల్లల చేత బలవంతంగా వ్యాయామం చేయించలేదు, బయట ఉండనిచ్చారు, అంతే.

ఇక మా పల్లెటూళ్ళలో వినిపించే మాట ఇంకొకటుంది. "పట్నం పిల్లలకు కావాలి గాని మన పిల్లలకు వ్యాయామం దేనికి? పొలం పనే వ్యాయామం కదా!" మా తరిగొప్పుల వైపు పెద్దమనుషులు ఈ మాట అంటుంటారు. ముప్ఫై, నలభై ఏళ్ళ కిందట దీన్ని కాదనడం కష్టమే. నా చిన్నతనంలో హైస్కూలుకు రోజూ మూడు కిలోమీటర్లు పోను, మూడు కిలోమీటర్లు రాను నడిచేవాళ్ళం. బడి నుంచి వచ్చాక బర్రెలను తోలుకుపోవడం, బావి నుంచి నీళ్ళు తేవడం ఉండేవి. ఎవరూ దాన్ని వ్యాయామం అనలేదు.

ఇప్పుడేమైంది? 2016 అక్టోబరులో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు మా తరిగొప్పుల మండల కేంద్రమైంది. రోడ్లు బాగుపడ్డాయి, ఆటోలు వచ్చాయి. పొద్దున్నే ఊరిబయట నిలబడితే పసుపుపచ్చని బడి బస్సులు వరసగా పోతుంటాయి. నీళ్ళు నల్లాలో వస్తున్నాయి. దున్నడానికి ట్రాక్టరు, వరి కోయడానికి హార్వెస్టరు. ఇవన్నీ మంచి మార్పులే. మా అమ్మ మోసిన బిందెలు మీరూ మోయాలని నేను అననే అనను. కాని శరీరానికి ఈ మార్పుల సంగతి తెలియదు. అది ఇంకా ఆ ఆరు కిలోమీటర్ల కోసం ఎదురుచూస్తూనే ఉంది. పోనీ సెలవుల్లో పత్తి ఏరడానికి వెళ్ళేవాళ్ళున్నారు కదా అంటే, గంటల తరబడి ఒంగి ఉండడం వల్ల నడుము నొప్పి వస్తుంది గాని ఆయాసం వచ్చేలా గుండెకు పని పడదు. కష్టానికీ వ్యాయామానికీ ఉన్న ఈ తేడా చాలామందికి తెలియదు.

కూర్చునే పని, కదిలే పని గుండెను ఎలా మారుస్తాయో మొదట లెక్కగట్టి చూపినవాడు జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు. లండనులో రెండంతస్తుల బస్సులు ఉంటాయి. డ్రైవరు రోజంతా కూర్చుని నడుపుతాడు. ఆ రోజుల్లో కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కి దిగేవాడు. బస్సు ఒకటే, జీతాలు ఇంచుమించు ఒకటే. మోరిస్, ఆయన మిత్రులు సుమారు 31 వేల మంది రవాణా ఉద్యోగులను పరిశీలించి 1953లో ప్రకటించిందేమిటంటే, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నది, వచ్చినా కొంత ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వస్తున్నది. ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేయాలి. లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరారేమో? మోరిస్ కూడా అదే ప్రశ్న వేసుకున్నాడు. ఉద్యోగులకు కంపెనీ కుట్టించిన ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూస్తే, డ్రైవర్లు మొదటినుంచీ కొంచెం లావే! ఆ సంగతి దాచకుండా 1956లో తనే ప్రకటించాడు. తరువాత ఇతర ఉద్యోగుల మీద జరిగిన ఎన్నో పరిశోధనలు కూడా కదలిక గుండెను కాపాడుతుందనే చెప్పాయి. తన మాటను తనే పరీక్షించుకున్న ఆ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. అందుకే కాస్త దారి తప్పి ఈ కథ చెప్పాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కి ఊపిరి వేగం పెరిగేటంత కదలిక కావాలి. వారానికి మూడు రోజులయినా కండరాలకు, ఎముకలకు పని పడే గెంతులు, పరుగులు ఉండాలి. ఊపిరి పెరిగిందో లేదో తెలుసుకోవడానికి సులువైన గుర్తు ఉంది. మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. అదే సంస్థ పరిశోధకులు 2016 నాటి లెక్కలు తీసి చూస్తే, 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో ప్రపంచం మొత్తం మీద నూటికి 81 మందికి ఆ గంట దొరకడం లేదు. మన దేశంలో నూటికి 74 మందికి. ప్రపంచం మొత్తం మీద మగపిల్లల్లో 78 మంది అయితే ఆడపిల్లల్లో 85 మంది.

ఆ 85 దగ్గర కాస్త ఆగుదాం. ఎనిమిదో తరగతి వరకు ఖోఖోలో చిరుతపులిలా దూకిన అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చేసరికి చెట్టు కిందికి ఎందుకు చేరుతున్నది? చున్నీ జారుతుందని, ఎవరో నవ్వుతారని, ఇంట్లో "పెద్దపిల్లవు, ఇంకా గంతులేమిటి" అంటారని. బడిలో మరుగుదొడ్డి సరిగా లేకపోవడం కూడా ఒక కారణమే, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. ఇంకో కారణం రక్తంలోనే ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్, అందులో ఉండేది ఇనుము. ఇనుము తక్కువైతే కండరాలకు ఆక్సిజన్ అందదు. ఆ పిల్ల రెండు చుట్లు పరుగెత్తి కూలబడితే "బద్ధకం" అంటాం. బద్ధకం కాదు, అది రసాయనశాస్త్రం! కాబట్టి బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరను మాత్రను కిటికీలోంచి పారేసే అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఆ పని మానండి. అన్నం తిన్న తరువాత వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలను ఎండలో పరుగెత్తించే సారువాళ్ళూ దీన్ని గుర్తుంచుకోవాలి.

మన బడుల్లో వ్యాయామానికి కార్యక్రమాలు లేవని కాదు. "డ్రిల్లు" అనే మాటే సైన్యం నుంచి వచ్చింది. 1813లో స్టాక్‌హోమ్‌లో లింగ్ అనే స్వీడన్ దేశస్థుడు వ్యాయామ విద్యాలయం పెట్టి, వరసలో నిలబడి చేతులు చాపే పద్ధతిని ప్రచారం చేశాడు. 1920లో మద్రాసులో హారీ బక్ వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించిన తరువాత మన దక్షిణాది బడులకు శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులు రావడం మొదలైంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. 2015 నుంచి జూన్ 21న యోగా దినం చేస్తున్నాం. 2019 ఆగస్టు 29న, హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. ఖేలో ఇండియా వారి దేహదారుఢ్య పరీక్ష కూడా ఉంది. పెద్ద తరగతుల వాళ్ళకు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు వంగడం, అరనిమిషంలో పొట్ట కండరాల వ్యాయామం, దండీలు, ఎత్తు, బరువు.

పరీక్ష మంచిదే. కాని ఏడాదంతా పాఠం చెప్పకుండా ఒకరోజు పరీక్ష పెడితే లెక్కల్లో మీరు ఊరుకుంటారా? ఒళ్ళు వంచడం ఎన్నడూ నేర్పకుండా ఎంత వంగుతావో కొలవడం అలాంటిదే. ఎత్తు, బరువుల నుంచి లెక్కగట్టే బి.ఎం.ఐ. సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఆ సూత్రం వెనకున్న ఆలోచన 1832లో బెల్జియం గణితశాస్త్రజ్ఞుడు కెటెలేది. ఆయన వెతికింది జనసమూహపు సగటును గాని ఒక మనిషి ఆరోగ్యాన్ని కాదు. పిల్లల విషయంలో వయసును, ఆడా మగా తేడాను బట్టి వేరే పట్టికలతో పోల్చి చూడాలి. అవేవీ లేకుండా తరగతి ముందు తూకంయంత్రం పెట్టి, అంకె గట్టిగా చదివి, పిల్లలు నవ్వుతుంటే ఊరుకోవడం నేను చూశాను. అలా నవ్వించుకున్న పిల్లవాడు మళ్ళీ గ్రౌండులోకి రాడు. కొలత అతనికీ సారుకీ మధ్య ఉండాలి. పోలిక కిందటి నెల అతనితోనే ఉండాలి.

ఇంకొక పాడు అలవాటు, అందులోనూ నాకు భాగముంది. హోంవర్కు చేయకపోతే గుంజీలు. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ ఐదు చుట్లు. ఏళ్ళ తరబడి నేనివి ఇచ్చాను. గుంజీలు తొడలకు ఎంత మంచి వ్యాయామమో తెలిసిన సైన్సు సారును నేను! పరుగును శిక్షగా మార్చి, ఆ తరువాత "పిల్లలకు పరుగంటే ఇష్టం లేదు" అని వాపోయే పెద్దలం మేము. పైగా అలవాటు లేని పిల్లవాడి చేత వందలకొద్దీ గుంజీలు తీయిస్తే కండరాలు చితికి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. నేను మానేశాను. ఏ బడిలో ఎవరూ ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇప్పుడు చెట్టు కింద కూర్చున్నవాళ్ళ దగ్గరకు మళ్ళీ వద్దాం. మన బడుల్లో వ్యాయామ విద్య అంటే మండల పోటీలకు జట్టును తయారుచేయడమని అర్థం స్థిరపడిపోయింది. కప్పు వస్తే హెడ్‌మాస్టరు గదిలో అద్దాల బీరువాలో పెడతారు. నాకు కప్పుల మీద కోపం లేదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు, నిజామాబాదు జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థిని. ఆమె రాళ్ళెక్కడం నేర్చుకున్నది మనం హైదరాబాదు వెళ్ళేటప్పుడు రైలు కిటికీలోంచి చూసే భువనగిరి గుట్ట మీదనే. ఆ సంగతి తెలిశాక ఆ గుట్టను చూసే చూపే మారింది నాకు.

కాని జట్టు మీదనే మనసుపెట్టేవాళ్ళకు నేను ఇంకో అమ్మాయి సంగతి చెబుతాను. మన ఓరుగల్లు ప్రాంతంలోనే పర్వతగిరి మండలం కల్లెడ అనే ఊరుంది. ఆ ఊరి పిల్ల జీవంజి దీప్తి. పుట్టుకతో బుద్ధి వికాసంలో కొంత లోపం ఉండడంతో చిన్నప్పుడు ఊళ్ళో ఎగతాళి పడింది. ఊరి బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించాడు. తరువాత నాగపురి రమేష్ దగ్గర శిక్షణ పొందింది. 2024 మేలో జపానులోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్ క్రీడల్లో కాంస్య పతకం తెచ్చింది. ఇప్పుడు ఆలోచించండి. ఆ బడిలో ముందే ఎంచుకున్న పన్నెండు మందే పరుగెత్తి, మిగతావాళ్ళు చెట్టు కింద కూర్చుని ఉంటే, ఆ సారు ఆమెను ఎలా చూసేవాడు? అందరూ పరుగెత్తితేనే ఎవరు పరుగెత్తగలరో తెలుస్తుంది. మీ బడి చెట్టు కింద ఎవరు కూర్చున్నారో మీకు తెలుసా? నాకయితే నా బడిలో తెలియదు.

పతకం రాని వాళ్ళ సంగతి అంతకన్నా ముఖ్యం. వాళ్ళే ఎక్కువమంది, వాళ్ళ గుండెలు కూడా గుండెలే.

మరి ఏం చేయాలి? 2012లో స్కాట్లాండులోని స్టిర్లింగ్ పట్టణంలో ఎలెయిన్ వైలీ అనే ప్రధానోపాధ్యాయురాలు తన బడి పిల్లలు కాస్త పరుగెత్తగానే అలసిపోవడం గమనించి ఒక ఏర్పాటు చేసింది. రోజూ 15 నిమిషాలు అందరు పిల్లలూ బయటకు వెళ్ళి వేసుకున్న బట్టలతోనే పరుగెత్తాలి, లేదా నడవాలి. పందెం లేదు, ఈల లేదు, మొదటివాడు, చివరివాడు లేరు. స్నేహితులతో మాట్లాడుకుంటూ పోవచ్చు. పదిహేను నిమిషాల్లో చాలామంది మైలు దూరం పోతారు కనుక దానికి రోజూ మైలు అనే పేరు వచ్చింది. తరువాత అది ఎన్నో దేశాలకు పాకింది. ఫలితం? స్కాట్లాండులో రెండు బడులను పోల్చి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మైలు పరుగెత్తిన బడి పిల్లలు పరుగు పరీక్షలో రెండో బడికన్నా దాదాపు 40 మీటర్లు ఎక్కువ మెరుగుపడ్డారు. బర్మింగ్‌హామ్‌లో 40 బడుల్లో చూసినప్పుడు మాత్రం పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి సన్నబడడానికి మంత్రమని దీన్ని ఎవరైనా అమ్మితే కొనకండి. దమ్ము పెరగడానికి మంచిది, అంతవరకే చెబుదాం.

ఇది మనకు సరిపోతుందా అని నేను లెక్క వేశాను. మీరూ వేయండి. ఒక తాడు తీసుకుని మీ ఆటస్థలం పొడవు, వెడల్పు కొలవండి. పొడవు 50 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు అనుకుంటే చుట్టుకొలత 160 మీటర్లు. మైలుకు 1609 మీటర్లు. అంటే పది చుట్లు. ఆటస్థలం చిన్నదైతే చుట్లు ఎక్కువవుతాయి, అంతే. ఖర్చు ఏమీ లేదు. ముళ్ళు, గాజుపెంకులు ఏరేయాలి, ఎందుకంటే మనలో చాలామంది చెప్పులు విడిచే పరుగెత్తుతారు. మన ఎండలు స్కాట్లాండు ఎండలు కావు కనుక ఇది పొద్దున ప్రార్థన అయిన వెంటనే జరగాలి గాని సాయంత్రం కాదు. ఒంటిపూట బడులు మొదలయ్యాక నీడలో నడక చాలు. ముందూ వెనకా నీళ్ళు తాగాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉందని డాక్టరు చెప్పినవాళ్ళు, జ్వరంతో లేచినవాళ్ళు సారుకు ముందే చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు పూర్తిగా మానుకోనవసరం లేదు, డాక్టరును అడిగి నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు. అమ్మాయిలు, అబ్బాయిలు ఒకే దారిన కాకుండా ఎదురెదురు దిక్కుల్లో వెళ్ళినా నాకు అభ్యంతరం లేదు, వెళ్ళడమే కావాలి. బతుకమ్మ చుట్టూ గంటసేపు తిరిగి ఆడగలిగిన కాళ్ళకు ఆటస్థలం చుట్టూ తిరగడం ఒక లెక్కా?

పొద్దున నాడి ప్రయోగం చేసి గ్రాఫు గీశారు కదా, దాన్ని దాచి ఉంచండి. ఆరు వారాల తరువాత అదే మెట్టు మీద, అదే మూడు నిమిషాలు మళ్ళీ చేసి, ఆ కాగితం మీదనే వేరే రంగు పెన్సిలుతో రెండో గీత గీయండి. రెండు గీతలూ ఎలా ఉన్నాయో ఈ పత్రికకు వ్రాయండి. తేడా రాకపోతే రాలేదనే వ్రాయండి, అది కూడా మాకు కావాలి.

పదిహేను నిమిషాలు ఎక్కడనుంచి వస్తాయని మా హెడ్‌మాస్టరు గారు అడిగారు. రోజూ మొదటి పీరియడులోంచి తీయాలి. వారంలో రెండు రోజులు మొదటి పీరియడు నాదే కనుక ఆ రెండు రోజులూ ఇస్తానని చెప్పాను. ఒకప్పుడు తీసుకున్నవాటిలో కొన్నయినా తిరిగి ఇచ్చినట్టవుతుంది. తెలుగు టీచరు గారు ఒకరోజు ఇస్తామన్నారు. మిగతా మూడు రోజులు లెక్కల సారువి. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ట్రోయిస్ రివియేర్ లెక్కలు పట్టుకుని సోమవారం ఆయన దగ్గరకు వెళ్ళబోతున్నాను.